విశాలాక్షి మేడం కడిగిన ఫిల్ములు

మొన్న సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, మెట్రో స్తంభం పక్కన నూడుల్స్ బండి అతను కాలుతున్న పెనం మీద వెనిగర్ చల్లాడు. పుల్లటి ఘాటు ఒక్కసారిగా లేచి నా గొంతులో గుచ్చుకుంది. బండి చుట్టూ నిలబడ్డ కాలేజీ పిల్లలకు ఆ వాసనకు నోరూరి ఉంటుంది. నాకు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. నాచారంలో ఒక మేడ మీది బాత్‌రూము, కిటికీకి మేకులతో కొట్టిన నల్ల దుప్పటి, తాడుకు బట్టల క్లిప్పుతో వేలాడుతున్న తడి ఫిల్ము, నేల మీద పీట వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, అన్నీ ఆ పొగలోంచే వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆవిడకు ఈ వాసన తెలియదు. ఏళ్ల తరబడి కాలేజీ ల్యాబులో యాసిడ్ల మధ్య పనిచేసి, వాసన చూసే శక్తినే పోగొట్టుకుంది. ఆవిడ పేరు విశాలాక్షి. నాకు చుట్టం కాదు, బడిలో పాఠం చెప్పిన టీచరూ కాదు. మా పై వాటాలో అద్దెకుండే మనిషి. ఇవాళ నేను నోరు తెరిచి ఎవరికైనా ఏదైనా చెప్పే ముందు ఒక క్షణం ఆగుతానంటే, ఆ ఆగడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

పెళ్లయిన కొత్తలో మేము భువనగిరి పక్క పల్లె నుంచి నాచారం వచ్చాం. మా ఆయన మల్లేశ్ ఒక ఇంజనీరింగు షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. యాదగిరి అనే ఆయన ఇంట్లో కింద రెండు గదులు మాకు, పైన రెండు గదులు విశాలాక్షి మేడంకు. యాదగిరిని అందరూ మామ అనే పిలిచేవారు. కాలనీ సంఘానికి ఆయనే పెద్ద. మేడం కాకినాడ వైపు మనిషి. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో హైదరాబాదు వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుని రిటైరైంది. పిల్లలు లేరు. భర్త వాడిన పాత కెమెరా ఉంది. అప్పటికే ఎక్కడ చూసినా కలర్ ల్యాబులు, కొందరి చేతుల్లో డిజిటల్ కెమెరాలు. ఆవిడ మాత్రం నలుపు తెలుపు ఫిల్మే వేసేది, దాన్ని ఇంట్లోనే కడిగేది. కోఠీ నుంచి పొడులు తెచ్చి, చిన్న తక్కెడలో తూచి, మందు తనే కలుపుకునేది. ఆ మందు వల్ల వేళ్ల చివర్లు గోధుమరంగుకు తిరిగి ఉండేవి. కాలనీ పిల్లలు 'కెమెరా మేడం' అనేవారు. పెద్దవాళ్లు కొంచెం ఎడంగా ఉండి మాట్లాడేవారు. "ఒక్కతే ఉంటది, బాత్‌రూంల ఏందేందో మందులు కలుపుతది, జర దూరముండు" అని మామ భార్య మేము దిగిన కొత్తలోనే నాకు చెప్పింది.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ నన్ను ఫొటో తీసింది. ఏడో నెల. డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే కెమెరా పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఒక్క నిమిషం అలాగే ఉంటావా స్వరూపా? నా వైపు చూడక్కర్లేదు."

"ఇప్పుడెందుకు మేడం? మొఖమంత ఉబ్బింది."

"ఉబ్బినప్పుడే తీయాలమ్మా. తర్వాత నీక్కూడా గుర్తుండదు, ఎలా ఉన్నావో."

కడుపుతో ఉన్నవాళ్లకు ఫొటోలు తీయకూడదని మా ఊళ్లో అనేవారు. భయపడుతూనే నిలబడ్డాను. ఆ సంగతి మల్లేశ్‌కు చెప్పలేదు.

ఆ రోజుల్లో నాకు నీళ్ల వాసన పడేది కాదు. మున్సిపాలిటీ నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, ఎండాకాలం అదీ లేదు. బోరు నీళ్లే కాచి, వడగట్టి తాగేవాళ్లం. గ్లాసు నోటి దగ్గరకు తెచ్చి మళ్లీ దించేసేదాన్ని. నీళ్లు మురిగిన వాసన వస్తున్నాయంటే మల్లేశ్ చెంబులో మొహం పెట్టి చూసి, "నాకేం వస్తలేదు" అనేవాడు. మామ భార్య నవ్వేది. "కడుపుతోనున్నప్పుడు గట్లనే ఉంటది. నాకైతే ఉడికే అన్నం వాసన గూడ పడకపోయేది." ఊరి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం మొదటి గుక్కకే మొహం చిట్లించి, "ఏం నీళ్లు బిడ్డా ఇవి?" అంది. పట్నం నీళ్లు ఇట్లనే ఉంటయేమో అని మళ్లీ తనే సర్దుకుంది. అందరూ ఒకటే మాట అంటుంటే నా ముక్కు మీద నాకే నమ్మకం పోయింది. ఊపిరి బిగబట్టి తాగడం అలవాటు చేసుకున్నాను.

ఎనిమిదో నెలలో ఒకరోజు పొద్దుటి నుంచి కడుపులో కదలిక తెలియలేదు. దవాఖానాకు తీసుకుపోయేసరికి లోపల బిడ్డ గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఎందుకు ఇలా అయిందని మల్లేశ్ పట్టుకుని అడిగితే, ఒక్కోసారి ఇలా అవుతుందమ్మా అని నాకే చెప్పి వెళ్లిపోయారు. ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చినవాళ్లందరూ కారణాలు తెచ్చారు. బరువు ఎత్తావన్నారు, గ్రహణం నాడు బయటికి వచ్చావన్నారు, దిష్టి అన్నారు. ఫొటో సంగతి ఎవరికీ తెలియదు గనుక ఆ కారణాన్ని నాకు నేనే చెప్పుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దు ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు. మల్లేశ్ షెడ్డుకు పోతూ వండి పెట్టి పోయేవాడు. సాయంత్రం వచ్చి, ముట్టని గిన్నెను కడిగేవాడు.

అప్పుడు విశాలాక్షి మేడం కిందికి వచ్చింది. ఓదార్చలేదు. పక్కన కూర్చోలేదు కూడా. గుమ్మం దగ్గరే నిలబడి, "నాకు చేతులు వణుకుతున్నాయి స్వరూపా. చీకట్లో ఫిల్ము రీలుకు ఎక్కించడం కావట్లేదు. నీ చేతులు కావాలి, వస్తావా?" అంది. ఆవిడ చేతులు అంతగా వణకవని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం లేచి వెళ్లాను. దుప్పటి కట్టిన బాత్‌రూములో, మధ్యాహ్నం పూటే కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకట్లో, ఆవిడ చెబుతుంటే వేళ్లతో తడుముకుంటూ ఫిల్మును రీలులోకి జరిపాను. రీలును డబ్బాలో పెట్టి మూత బిగించాక లైటు వేసుకోవచ్చు. ఆ తర్వాత మూడు మందులు. మొదట బొమ్మను పైకి తెచ్చే డెవలపర్. తర్వాత దాని పని ఆపడానికి వెనిగర్ కలిపిన పుల్ల నీళ్లు. చివర హైపో. అది బొమ్మను నిలబెట్టి, మిగిలిన తెల్లటి పొరను కరిగించేస్తుంది. ఆ చీకట్లో నన్ను ఎవరూ చూడరు, నేనూ ఎవరినీ చూడనక్కర్లేదు. చాలా రోజుల తర్వాత నా వేళ్లకు ఒక పని దొరికింది. మర్నాడు పిలవకుండానే మేడ ఎక్కాను.

కానీ ఫిల్ములు బాగా రావడం లేదు. తాడు మీది నుంచి ఒక ఫిల్మును తీసి కిటికీ వెలుగులో పట్టి చూపించింది మేడం. "ఇది చూడు. ఫిల్ము అంచులు, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ, గాజులా తేటగా ఉండాలి. ఇవేమో పొగ చూరినట్టున్నాయి. నీ ఫొటో ఉన్న ఫిల్ము రోలు నుంచీ ఇదే వరస." అలా తెలిసింది నాకు, డాబా మీద తీసిన నా ఫొటో కూడా ఆ పొగలోనే ఉందని. మసక వెనక ఒక నీడ, దాని వెనక తెల్లటి దుప్పట్లు నెగెటివ్‌లో నల్లగా. ఆవిడ మొహంలో నిజమైన బాధ కనిపించింది. "తప్పు ఎక్కడో నాలోనే ఉంది. వెతకాలి" అంది.

వెతకడం అంటే ఏమిటో నేను అప్పుడే చూశాను. కష్టంలో ఉంటే మనం అన్నింటినీ ఒక్కసారే అనుమానిస్తాం. ఆవిడ అలా కాదు. "ఒకసారికి ఒక్కటే మార్చాలమ్మా. రెండు మార్చామనుకో, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, పాడైనా ఎందుకు పాడైందో తెలీదు." ఫిల్ము పాతదేమోనని కొత్త రోలు తెచ్చింది, మిగతావన్నీ అలాగే ఉంచి కడిగింది. పొగ పోలేదు. వెలుగు ఎక్కడి నుంచైనా దూరుతోందేమోనని బాత్‌రూము మానేసి, ఇనుప బీరువాలో చేతులు పెట్టి, చుట్టూ రెండు దుప్పట్లు కప్పుకుని రీలు ఎక్కించాం. పోలేదు. ఎండల వల్ల మందు వేడెక్కుతోందేమోనని మట్టి కుండలో చల్లబరిచింది. పోలేదు. పొడులన్నీ పారబోసి కొత్తవి తెచ్చింది. పొగ అలాగే ఉంది. నీళ్ల మీదికి ఆవిడ ఆలోచన పోలేదు. ఎన్నో ఏళ్లుగా అదే ఇంట్లో అవే నీళ్లు, ఎన్నడూ ఏ దోషమూ లేదు.

ఒకనాడు నేను పుల్ల నీళ్లు కలుపుతున్నాను. బోరు నీళ్లు పట్టిన గిన్నెలో వెనిగర్ పోసి కలిపేసరికి, ఆ ఘాటు కింది నుంచి ఇంకో వాసన పైకి లేచింది. మురిగిన కోడిగుడ్డు వాసన. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏమైంది?" అంది మేడం.

"ఏం లేదు మేడం. వాసన."

"హైపో వాసనా? అది పాతబడితే వస్తుంది."

"హైపో ఇంకా కలపలేదు. గీ గిన్నెలకెల్లి వస్తుంది. మురిగిన గుడ్డు లెక్క."

ఆవిడ చేతిలో డబ్బాను కింద పెట్టింది. గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చింది. ఆవిడకు ఏమీ తెలియలేదు. నా మొహం వంక చూసి చాలా నెమ్మదిగా అడిగింది. "వెనిగర్ పోశాక వచ్చిందా, ముందు నుంచీ ఉందా?"

"ముందు కొద్దిగ ఉంటది. ఎప్పుడూ ఉంటది. పోసినంక మస్తు ఎక్కువైంది."

"ఎప్పుడూ ఉంటుందా? ఎప్పటి నుంచి?"

నేను చెప్పాను. వేవిళ్ల రోజులు, మల్లేశ్ చెంబు వాసన చూడటం, మామ భార్య నవ్వు, మా అమ్మ అన్న మాట, అన్నీ. ఎవరూ నమ్మలేదనీ, నాదే భ్రమ అనుకున్నాననీ చెప్పాను. ఆవిడ అంతా విని, "భ్రమ కాదు. నీ ముక్కు నిజం చెప్పింది" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దవాఖానా నుంచి వచ్చాక నేను ఏడవడం అదే మొదలు.

మర్నాడు మల్లేశ్ చేత బ్యాటరీలలో పోసే నీళ్ల డబ్బా తెప్పించింది. అవి ఏ ఉప్పూ ఏ మట్టీ లేని నీళ్లు. ఒకే పొడిని సమంగా తూచి, ఒక గాజు గ్లాసులో బోరు నీళ్లతో, ఇంకోదానిలో బ్యాటరీ నీళ్లతో మందు కలిపింది. ఒకే ఫిల్మును రెండు ముక్కలు చేసి, ఒక్కోటి ఒక్కోదాంట్లో కడిగాం. పుల్ల నీళ్లు, హైపో కూడా అట్లాగే వేటికవి. దీపం వేసి చూస్తే, బ్యాటరీ నీళ్ల ముక్క గాజులా ఉంది. బోరు నీళ్లదాని మీద బూడిద పూసినట్టుంది. ఆవిడ సంతోషించలేదు. తన పాత ల్యాబు సరుకులోంచి ఏదో మందు తీసి ఒక కాగితం ముక్కకు తడిపి, పుల్ల నీళ్లు కలిపిన బోరు నీళ్ల మీద పట్టింది. తెల్ల కాగితం చూస్తుండగానే నల్లబడింది.

"నీళ్లలో గంధకం చేరింది. ఇది బోరుబావిలో ఊరికే పుట్టలేదు, కొత్తగా వచ్చింది. ఎక్కడి నుంచో ఏదో కలుస్తోంది" అంది.

నా నోట్లోంచి ఆ ప్రశ్న దానంతట అదే వచ్చింది. "మేడం, గీ నీళ్లే గద నేను తాగిన. నా బిడ్డ..."

ఆవిడ నల్లబడ్డ కాగితాన్ని పళ్లెంలో పెట్టింది. "నాకు తెలీదు స్వరూపా" అంది.

మల్లేశ్ నాలుగు చోట్ల విచారించి వచ్చాడు. వెనక గల్లీలో కొత్తగా ఒక ఫ్యాక్టరీ షెడ్డు పెట్టారు, మందులదో రంగులదో సరిగ్గా ఎవరికీ తెలియదు. "వాళ్లు ఎండిపోయిన బోరులకు పైపు దింపిన్రంట. వాడిన నీళ్లన్ని అండ్లకే ఇడుస్తున్నరంట. మా షెడ్డుల ఒకాయన కండ్లార సూసిండు. కాని బయటికొచ్చి చెప్పడట, పిల్లగాండ్లున్నరు నాకు అంటుండు" అన్నాడు. ఆ రోజు నుంచి మల్లేశ్ దూరంలో ఉన్న నల్లా దగ్గరికి బండి మీద పోయి, డబ్బాలతో నీళ్లు తెచ్చేవాడు. మాకూ, మేడంకూ.

ఒక ఆదివారం పొద్దున కాలనీ మీటింగులో మేడం ఈ సంగతి చెప్పింది. రెండు ఫిల్ము ముక్కలను ఎండకు ఎత్తి పట్టి చూపించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. యాదగిరి మామ చేయి ఎత్తి వాళ్లను ఆపాడు గానీ, ఆయన మొహమూ గట్టిపడి ఉంది. కాలనీలో అప్పుడు రెండు ప్లాట్లు బేరంలో ఉన్నాయి, ఒకటి ఆయనదే.

"ఏం మేడం, ఫిల్ము ఖరాబైతే నీళ్లు ఖరాబైనట్టేనా? మేమేమన్న ఫిల్ములమా? గీ నీళ్లతోని మనుషులకు ఏమన్నయితదా, కాదా? ఒక్కటే మాట చెప్పుండ్రి."

"ఒక్క మాటలో చెప్పలేనండి. గంధకం ఉన్న సంగతి నాకు తెలుసు. ఇంకేం ఉన్నాయో పెద్ద ల్యాబులో చూడాలి. చూసేదాకా తాగకండి. కాచినా తాగకండి. కాస్తే క్రిములు పోతాయి, మందులు పోవు."

"అంటే మీకు తెల్వదన్నట్టు."

"పూర్తిగా తెలీదు. అందుకే పరీక్ష చేయించమంటున్నాను."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. అంతమంది మగవాళ్ల మధ్య ఎన్నడూ నోరు విప్పనిదాన్ని, లేచి నిలబడ్డాను. "గీ నీళ్లు తాగే నా బిడ్డ పోయింది" అన్నాను. కొందరు ఆడవాళ్లు నోటికి కొంగు పెట్టుకున్నారు. యాదగిరి మామ నా వైపు చూడలేదు. ఆవిడనే అడిగాడు.

"మీరు చదువుకున్నోళ్లు. చెప్పుండ్రి మేడం. గీ పిల్ల బిడ్డ నీళ్లతోనే పోయిందా?"

నేను ఆవిడ వైపు చూశాను. ఒక్క 'అవును' చాలు. ఆ ఒక్క మాట అంటే కాలనీ అంతా లేచేది. ఆవిడ పెదవులు కదిలాయి. నా కళ్లలోకి చూస్తూనే అంది. "అది నేను చెప్పలేను."

మీటింగు అక్కడే విరిగిపోయింది. "ఎక్కడో ఆంధ్రల పుట్టి ఈడికొచ్చి మన నీళ్లకు వంకలు పెడుతుంది" అని ఒకతను లేస్తూ అన్నాడు. దానికి చాలామంది నవ్వారు. ఆవిడ ఫిల్ము ముక్కలను రుమాలులో చుట్టుకుని ఒక్కతే నడిచి వెళ్లింది. నేను వెనక పోలేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడతో మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకునేదాన్ని. నీళ్ల డబ్బా మల్లేశే పైకి చేర్చేవాడు. ఆవిడ పని ఆవిడ చేస్తూనే ఉండేది. సీసాల్లో నీళ్లు పట్టుకుని, బస్సులు మారి సర్కారు ఆఫీసుకు తిరిగింది. తిరగ్గా తిరగ్గా ఒకనాడు ఇద్దరు మనుషులు పరీక్షకు నీళ్లు పట్టుకోవడానికి వచ్చారు. యాదగిరి మామ వాళ్లకు చాయ తాగించి, దగ్గరుండి బోరు బదులు మున్సిపాలిటీ నల్లా కింద సీసాలు నింపించాడు. ఆవిడ మేడ దిగి వచ్చేలోపు వాళ్ల జీపు వెళ్లిపోయింది. నీళ్లు బాగున్నాయని కొన్నాళ్లకు కబురు వచ్చింది. అప్పుడు ఆవిడ ఇంకో పని మొదలుపెట్టింది. బోరు నీళ్లతో ఎప్పటికప్పుడు ఒక ఫిల్ము ముక్క కడిగి, దాన్ని గేటుకు తాడు కట్టి క్లిప్పుతో తగిలించేది. పక్కన బ్యాటరీ నీళ్ల ముక్క ఒకటి. రాసిన మాట ఏమీ ఉండేది కాదు. వచ్చేపోయేవాళ్లు చూస్తే చూస్తారు. పిల్లలు పీకేసేవారు, ఆవిడ మళ్లీ కట్టేది. ఒక్కో ముక్కా ముందుదానికంటే నల్లగా ఉండేది. కొందరు ఆడవాళ్లు గేటు దగ్గర ఆగి చూసి, మా ఇంటికి వచ్చి, మల్లేశ్ ఎక్కడి నుంచి నీళ్లు తెస్తున్నాడో అడిగి పోవడం నేను చూశాను.

యాదగిరి మామ ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆవిడ వాదించలేదు. సామాను ఆటో ట్రాలీలో ఎక్కిస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. తక్కెడ, సీసాలు, కెమెరా పెట్టె. ఆవిడ ఒక్కతే మోసుకుంటూ దిగుతోంది. ఇక ఉండలేక పోయి చేతిలో పెట్టె అందుకున్నాను. ఖాళీ అయిన పై గదిలో, గోడకు మేకుల గుర్తులు మాత్రం మిగిలిన ఆ బాత్‌రూము ముందు నిలబడి అడిగేశాను.

"ఆ రోజు అవునంటే ఏం పోయేది మేడం? ఒక్క మాట. నాకోసం."

"అందామనే అనిపించింది. నిన్ను చూస్తుంటే ఇంకా అనిపించింది." ఆవిడ గోడకు చేయి ఆనించింది. "కానీ ఆలోచించు. రేపు వాళ్లు ఎవరినో తెచ్చి నా మాట అబద్ధమని తేల్చారనుకో. నీళ్ల సంగతీ అబద్ధమైపోతుంది, నీ బిడ్డా అబద్ధమైపోతుంది. ఇంకెప్పుడూ ఎవరూ నీ మాట వినరు."

"ఇప్పుడు మాత్రం ఎవరు విన్నరు?"

"ఎవరూ వినలేదు" అంది. తన మాటే సరైనదని సాధించాలని చూడలేదు. నా కోపం న్యాయమైందనే ఒప్పుకున్నట్టు తల వంచుకుంది. వెళ్లే ముందు ఒక కవరు ఇచ్చింది. డాబా మీది ఫొటో. పొగను కరిగించే మందు ఒకటుందట, అది పొగతోపాటు పల్చటి బొమ్మను కూడా తినేస్తుందట. చాలా జాగ్రత్తగా, కొద్దికొద్దిగా పోసి చూశానంది. వెలుగు నా వెనక ఉండి మొహం నీడలో పడటంతో అది పూర్తిగా పోయింది. తెల్ల చీర కింద కడుపు, దాని మీద నా చేయి మిగిలాయి. "ఇంతే దక్కింది, క్షమించు" అంది.

ఉప్పల్‌లో ఒక గది తీసుకుంది ఆవిడ. మేమూ ఏడాది తిరక్కుండానే నాచారం వదిలి అటే వచ్చేశాం. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు నెలలు నిండేదాకా నేను తాగే నీళ్లు ఆవిడే పరీక్ష చేసి చూసుకుంది. మా పాప శ్రావణి పుట్టింది, బతికింది. ఆవిడ తోయగా తోయగా ఇంట్లో కూర్చునే డిగ్రీ కట్టాను, ల్యాబు టెక్నీషియన్ కోర్సు చేశాను, ఉప్పల్‌లోనే ఒక రక్త పరీక్షల కేంద్రంలో చేరాను. నాచారం సంగతులు అప్పుడప్పుడు మల్లేశ్ మోసుకొచ్చేవాడు. వెనక గల్లీ షెడ్డు ఇంకెక్కడికో మారిపోయింది. మా బోరు ఎండిపోతే మూసేశారు. యాదగిరి మామ ప్లాటు మంచి రేటుకే అమ్ముడుపోయింది. తప్పు జరిగిందని ఎవరూ అనలేదు, అడిగినవాళ్లూ లేరు. ఫిల్ము దొరకడం కూడా తగ్గిపోయింది. ఆవిడ కెమెరాను బట్టలో చుట్టి బీరువాలో పెట్టేసింది.

తెలంగాణ వస్తుందని వీధులన్నీ ఊరేగింపులతో నిండిన రోజుల్లో ఆవిడ మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిసింది. రక్తం తీసింది నేనే. ఫలితం కాగితాన్ని నేనే ముందు చూశాను. సాయంత్రం వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. చేతులు ఉబ్బి ఉన్నాయి. వేళ్ల చివర గోధుమరంగు ఇంకా పోలేదు. బయట డప్పులు మోగుతున్నాయి.

"ఆ నీళ్లే మేడం. నాతోపాటు మీరు గూడ తాగిన్రు. గిది నీళ్లతోనే అయింది."

"అయి ఉండొచ్చు. బీపీ ఉంది, వయసుంది. ఆ మందుల్లో ఇన్నేళ్లు చేతులు ముంచాను."

"ఇప్పుడు గూడ అవునని అనరా? ఈడ మనిద్దరమే ఉన్నం."

ఆవిడ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. "ఒక్కటే మార్చి చూడాలి కదా స్వరూపా. ఆ నీళ్లు తాగని ఇంకో విశాలాక్షి ఉంటే చూసి చెప్పేదాన్ని. లేదే." తర్వాత నా చేయి పట్టుకుని, "నీ బిడ్డ విషయంలోనూ అంతే. అది చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలీదు" అంది. నాకు తెలుసని చెప్పాను. నిజానికి ఆ నిమిషంలోనే తెలిసింది.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆవిడ పోయింది. కాకినాడ నుంచి దూరపు చుట్టాలు ఇద్దరు వచ్చారు. దహనానికి మల్లేశ్, మా వీధివాళ్లు కొందరు నడిచారు. నాచారం నుంచి ఎవరూ రాలేదు.

ఇప్పుడు పని దగ్గర రోజూ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని నా కిటికీ ముందు నిలబడతారు. భయమేం లేదు గద మేడం అని అడుగుతారు. వాళ్ల మొహాలు చూస్తే ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. కాగితంలో ఉన్నదే చెబుతాను. మిగతాది డాక్టరును అడగమంటాను. కొందరు విసుక్కుని పోతారు.

పోయిన ఏడాది ఒక పొద్దున, అన్నం తింటూ శ్రావణి అడిగింది. "అమ్మా, నాకంటే ముందు ఒక అక్క ఉండెనంట గద. ఆమెకేమైంది?" మల్లేశ్ నోరు తెరిచాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆయన మనసులో అదే ఉంది. చేయి ఎత్తి ఆపాను.

"ఎందుకు పోయిందో నాకు తెల్వదు బిడ్డా. తెలిసింది చెప్త" అని మొదలుపెట్టాను. ఆడపిల్ల. తల నిండా నల్లటి జుట్టు. కుడి చెవి పైన కొద్దిగా మడిచినట్టుండె. నర్సమ్మ గుడ్డలో చుట్టి కొద్దిసేపే నా చేతుల పెట్టింది. వెచ్చగనే ఉండె, అది నా ఒంటి వేడి. మేము తాగిన నీళ్లు చెడ్డవి. చెడ్డవని అందరికంటే ముందు నాకే తెలిసింది, నన్ను ఎవరూ నమ్మలే, ఒక్కామె తప్ప.

శ్రావణి పళ్లెంలో చేయి అలాగే ఉంచి విన్నది. తర్వాత అడిగింది. "పేరేం పెట్టిన్రు?"

"పెట్టలే" అన్నాను.